ఇంటి కంప్యూటర్‌కు గడియ వేసే పద్ధతి

మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో కంప్యూటర్‌కు డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంది, దాని గడువు తీరడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉంది. అయినా ఒక ఆదివారం ఉదయం అన్నయ్య పెళ్లి ఫొటోల ఫోల్డర్ తెరిచేసరికి ప్రతి ఫొటో పేరు చివరా ఏవో నాలుగు అక్షరాలు కొత్తగా వచ్చి చేరాయి. ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు. డబ్బు కడితే తాళంచెవి ఇస్తామని ఇంగ్లీషులో రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు మాత్రం ప్రతి ఫోల్డర్‌లోనూ ఉంది. ఆరా తీస్తే, ముందు రోజు రాత్రి వాళ్లబ్బాయి ఖరీదైన వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కడి నుంచో క్రాక్ (డబ్బు కట్టకుండా దాన్ని వాడుకునేలా చేసే దొంగ ఫైలు) దించుకున్నాడని, ఆ జిప్ ఫైలులోని సూచనల్లో మొదటిది "యాంటీవైరస్ ఆపండి" అని ఉంటే బుద్ధిగా ఆపాడని తెలిసింది. దొంగ గోడ దూకాల్సిన పనే లేకపోయింది, లోపలి గడియ ఇంట్లోవాడే తీశాడు.

బంధువుల ఇళ్లలో, ఇరుగుపొరుగు ఇళ్లలో పాడైన కంప్యూటర్లను నేను చూసినంతలో చాలావాటి కథ ఇదే. అందువల్ల ఏ యాంటీవైరస్ కొనాలన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, ఖర్చు లేకుండా ఒక సెలవు రోజు మధ్యాహ్నం కూర్చుని చేసుకోదగిన పనులను, నేను వాటికి ఇచ్చే ప్రాధాన్య క్రమంలో ఇక్కడ వివరిస్తాను. మన ఇళ్లలో విండోస్ కంప్యూటర్లే ఎక్కువ కాబట్టి మెనూల పేర్లు విండోస్‌వే ఇచ్చాను.

అప్‌డేట్లు, యాంటీవైరస్

ఎవరూ ఏదీ నొక్కకపోయినా, కేవలం నెట్‌కు కలిసి ఉన్నందువల్లే కంప్యూటర్‌లోకి దూరే వైరస్‌లు కూడా ఉంటాయి. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై అటువంటిది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన రాలేకపోయింది, "తర్వాత చూద్దాం" అని వాయిదా వేసినవి దొరికిపోయాయి.

సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. వచ్చినవన్నీ ఇన్‌స్టాల్ అయ్యాక కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి, ఎందుకంటే చాలా అప్‌డేట్లు రీస్టార్ట్ అయ్యేదాకా పూర్తిగా అమలులోకి రావు. రాత్రి షట్‌డౌన్ చేయకుండా మూత మూసి పక్కన పెట్టే ల్యాప్‌టాప్‌లలో అవి వారాల తరబడి వేచి ఉండటం నేను చూశాను. బ్రౌజర్ విషయమూ ఇంతే. క్రోమ్‌లో పైన కుడివైపు ఉన్న మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో ఉన్న అబౌట్ గూగుల్ క్రోమ్ తెరిస్తే అదే వెతికి దించుకుంటుంది, రీలాంచ్ అని కనిపిస్తే నొక్కాలి.

మీ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉందో తెలియకపోతే స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ నొక్కండి, ఒక చిన్న పెట్టెలో కనిపిస్తుంది. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదైన ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి కనుక చాలా పాత కంప్యూటర్లు దానికి పనికిరావు. అలాంటి కంప్యూటర్‌ను నెట్ చూడటానికి, ఉత్తరాలు రాసుకోవడానికి మాత్రమే వాడుతున్నట్లయితే లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేయించుకోవడం, మద్దతు లేని విండోస్‌తో నెట్టుకురావడం కంటే ఎంతో నయం.

ఇక యాంటీవైరస్. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ పుట్టుకతోనే ఉంటుంది, ఇంటి అవసరాలకు అది చాలునన్నది నా అభిప్రాయం. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన వేరే కంపెనీ యాంటీవైరస్ ట్రయల్ గడువు తీరిపోయి, రోజూ డబ్బు కట్టమని అడుగుతూ కూర్చుంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, డిఫెండర్ తిరిగి బాధ్యత తీసుకుంటుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో రియల్ టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ (వేరే ప్రోగ్రాములు డిఫెండర్‌ను ఆపకుండా చూసేది) రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. అక్కడే కిందికి వెళితే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అనే చోట కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే మీట ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలోని ఫైళ్లను అపరిచిత ప్రోగ్రాములు మార్చలేవు. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రామును కూడా అడ్డుకుని విసిగిస్తుంది, అటువంటప్పుడు ఆ ఒక్క ప్రోగ్రాముకు అక్కడే అనుమతి ఇవ్వాలి తప్ప మీటను ఆఫ్ చేయకూడదు.

రోజువారీ పనికి వేరే ఖాతా

కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు మనం మొదట సృష్టించే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతా. ఇంటిల్లిపాదీ దానిలోనే పని చేస్తే, వాళ్లలో ఎవరు పొరపాటున ఏది నొక్కినా దానికి సర్వాధికారాలూ దక్కే వీలుంటుంది. దీన్ని సరిచేయడానికి పది నిమిషాలు చాలు కానీ వరుస తప్పకూడదు. మొదట సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లో అదర్ యూజర్స్‌కు వెళ్లి కొత్త ఖాతా ఒకటి సృష్టించి, దాని రకాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. దానిలోకి ఒకసారి లాగిన్ అయి అది పని చేస్తోందని నిర్ధారించుకున్న తర్వాతే, మీరు రోజూ వాడే ఖాతాను స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. వరుస తప్పితే మీ కంప్యూటర్‌లో మీకే అధికారం లేకుండా పోతుంది.

ఆ తర్వాత ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే తెర మసకబారి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు ఏదో ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడిగితే సహజమే. ఫొటో తెరిచినప్పుడో, పాట విన్నప్పుడో అడిగిందంటే మాత్రం ఆ ఫొటో ఫొటో కాదు, నో నొక్కండి.

ఈ సందర్భంలోనే మరొక చిన్న మార్పు. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివర ఉండే రకాన్ని దాచి చూపిస్తుంది. 2000 మే నెలలో లక్షల కంప్యూటర్లను ముంచిన ఐ లవ్ యూ వైరస్ ఈ సదుపాయాన్నే వాడుకుంది. ఈమెయిల్‌కు జతగా వచ్చిన ఆ ఫైలు పేరులో టీఎక్స్‌టీ అన్న భాగమే చాలామందికి కనిపించింది, అది ప్రోగ్రాము అని చెప్పే అసలు తోక వీబీఎస్ దాగి ఉండటంతో అది ప్రేమలేఖ అనుకుని తెరిచారు. ఇరవై అయిదేళ్లు దాటినా "కరెంటు బిల్లు.పీడీఎఫ్" పేరుతో వచ్చి వెనక ఈఎక్స్ఈ తోకను దాచుకునే ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, దానిలో షో, దానిలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెడితే తోకలన్నీ బయటపడతాయి.

క్రాక్‌లు, పెన్‌డ్రైవ్‌లు

అన్నయ్య ఇంట్లో జరిగినది చెప్పాను కనుక క్రాక్‌ల గురించి ఎక్కువ చెప్పను. యాంటీవైరస్ ఆపితే తప్ప ఇన్‌స్టాల్ కానిది ఏదైనా సరే ఇన్‌స్టాల్ చేయదగినది కాదు. విండోస్‌ను, ఆఫీస్‌ను ఉచితంగా యాక్టివేట్ చేస్తామనే చిన్న ప్రోగ్రాములూ ఈ కోవలోవే. తెలుగు టైపింగ్ కోసం పాత ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌ను క్రాక్‌తో సహా చేతులు మార్చుకునే అలవాటు మన దగ్గర డీటీపీ రోజుల నుంచి ఉంది. అచ్చు పని వాళ్ల అవసరాలు వేరు. ఇంట్లో ఉత్తరాలు, వ్యాసాలు రాసుకునేవారికి మాత్రం అదేమీ అవసరం లేదు, విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా విండోస్ 10లో 2019 నుంచి ఉంది. లెక్కలకు, ఉత్తరాలకు లిబ్రేఆఫీస్, ఫొటోలకు గింప్, వీడియోలు చూడటానికి వీఎల్‌సీ, ఇవన్నీ ఉచితం, వాటి వాటి అధికారిక సైట్ల నుంచే దించుకోవాలి. వెతికినప్పుడు అన్నిటికంటే పైన "స్పాన్సర్డ్" అని కనిపించేది ప్రకటన, అది నకిలీ సైటు కావచ్చు.

పెన్‌డ్రైవ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. దరఖాస్తు ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ తీసుకుని జిరాక్స్ షాపుకు వెళతాం. ఆ షాపు కంప్యూటర్‌లో రోజుకు ఎందరి పెన్‌డ్రైవ్‌లు దూరతాయో ఆ షాపువాడికే లెక్క ఉండదు. ఇంటికి వచ్చి పెట్టి చూస్తే మన ఫోల్డర్లన్నీ ఉన్నట్టే ఉంటాయి, కానీ ప్రతి బొమ్మకూ ఎడమ మూల చిన్న వంకర బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కేబీలకు మించదు. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. అసలు ఫోల్డర్లను వైరస్ దాచిపెట్టి, వాటి పేర్లతో తన ద్వారాలను పెట్టింది. చాలాసార్లు రెండుసార్లు నొక్కితే వెనక దాని పని అది చేసుకుంటూ, ముందు మన ఫోల్డర్‌ను కూడా తెరిచి చూపిస్తుంది కనుక మనకు అనుమానమే రాదు.

బాణం గుర్తు కనిపించిన వెంటనే చేయి వెనక్కి తీసుకోండి, దేన్నీ నొక్కకండి. దిస్ పీసీలో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్ చూపించమని టిక్ పెట్టండి. అయినా కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్ తీసేయండి. మసకగా కనిపించే అసలు ఫోల్డర్లలోంచి ఫొటోలను, డాక్యుమెంట్లను మాత్రమే కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, తీసేసిన టిక్‌ను మళ్లీ పెట్టండి. ఇంకా తేలికైన మార్గం, షాపుకు తీసుకెళ్లడానికి ఒక పాత పెన్‌డ్రైవ్‌ను కేటాయించి, ప్రింటు కావలసిన ఒక్క పీడీఎఫ్‌ను మాత్రమే దానిలో వేసుకుని, తిరిగి వచ్చాక దాన్ని తెరవకుండానే ఫార్మాట్ చేయడం.

మన వేళ్లతోనే చేయించే మోసాలు

2024 నుంచి ఒక కొత్త ఎత్తుగడ బాగా వ్యాపించింది, చదువుకున్నవాళ్లు కూడా దానికి చిక్కుతున్నారు కనుక ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. సినిమాలు, పుస్తకాలు ఉచితంగా ఇస్తామనే ఏదో సైటులో "నేను రోబోను కాదు" అనే పరిచితమైన పెట్టె వస్తుంది. నొక్కగానే మీరు మనిషేనని రుజువు చేసుకోవడానికి మూడు మెట్లు చూపిస్తుంది: విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో పాటు వీ నొక్కండి, ఎంటర్ నొక్కండి. మొదటి మెట్టుతో రన్ అనే పెట్టె తెరుచుకుంటుంది. రెండవ మెట్టుతో, మీరు ఆ సైటులో నొక్కినప్పుడే అది మీకు తెలియకుండా కాపీ చేసి ఉంచిన ఆదేశం ఆ పెట్టెలోకి వచ్చి పడుతుంది. పెట్టె ఇరుకు కాబట్టి ఆదేశం మొదలు ఎడమవైపు దాగిపోయి, చివర ఉన్న "వెరిఫికేషన్ ఐడీ" వంటి మాటలే కనిపిస్తాయి. మూడవ మెట్టుతో మీ చేత్తోనే మీరు వైరస్‌ను పిలుచుకున్నట్టవుతుంది. మనిషినని నిరూపించుకోవడానికి బొమ్మల్లో బస్సులను, సిగ్నల్ లైట్లను గుర్తించమనడం మామూలే కానీ, విండోస్ మీట నొక్కమని ఏ నిజమైన సైటూ అడగదు.

పాత మోసం కూడా ఇంకా సజీవంగానే ఉంది. ఉన్నట్టుండి తెరంతా ఎర్రబడి, సైరన్ మోగి, మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయని, వెంటనే ఫలానా నంబరుకు ఫోన్ చేయమని హెచ్చరిక వస్తుంది. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. అది కేవలం ఒక వెబ్ పేజీ. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను పునరుద్ధరించమంటారా అని అడిగితే వద్దనండి. ఆ నంబరుకు ఫోన్ చేసినవారి చేత ఎనీడెస్క్ వంటి ప్రోగ్రామును వేయించి, దానిలో కనిపించే నంబరు చెప్పించుకుని, కంప్యూటర్‌ను తమ చేతిలోకి తీసుకుంటారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ నిజమైన, ఉపయోగకరమైన ప్రోగ్రాములే. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల కంప్యూటర్‌ను బాగుచేసేది వాటితోనే. అందుకే పెద్దవాళ్లకు అవి అలవాటై ఉంటాయి, మోసగాడు అడిగినా కొత్తగా అనిపించదు. మనం ఫోన్ చేసి పిలిచిన సొంత మనిషికి తప్ప ఆ నంబరు ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి, వీలైతే కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించండి.

పాస్‌వర్డ్‌లు, రూటర్

ఈమెయిల్ పాస్‌వర్డ్‌ను మిగతా వాటితో సమానంగా చూడకండి. ఏ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినా మార్చుకునే లంకె వచ్చేది ఈమెయిల్‌కే కాబట్టి అది పోతే అన్నీ పోయినట్టే. దానికి నాలుగైదు సంబంధం లేని తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాసి పాస్‌వర్డ్‌గా పెట్టుకోండి. గోంగూర, సైకిలు, వెన్నెల, పదమూడు అనే తరహాలో అన్నమాట, అయితే ఇక్కడ రాసినవి కాకుండా మీవి. దాంతో పాటు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ వంటిది కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేయండి. మిగతా వాటికి పాస్‌వర్డ్‌లన్నిటినీ భద్రంగా దాచిపెట్టే బిట్‌వార్డెన్ వంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడవచ్చు. అది రాకపోతే నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టడంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు మేలు.

రూటర్ అడుగున అంటించిన చీటీలో ఒక అంకెల చిరునామా, అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ చిరునామాను బ్రౌజర్‌లో కొట్టి, లోపల అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై భద్రత డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండేలా చూడండి, డబ్ల్యూపీఎస్‌ను (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది), రిమోట్ మేనేజ్‌మెంట్‌ను (బయటి నుంచి రూటర్‌ను మార్చనిచ్చేది) ఆఫ్ చేయండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము లక్షల కెమెరాలను, రూటర్లను వశపరచుకున్నది కేవలం కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను ఎవరూ మార్చకపోవడం వల్లే.

బ్యాకప్

పైన చెప్పినవన్నీ చేసినా ఏదో ఒక రోజు తప్పు జరగవచ్చు, హార్డ్ డిస్కే చెడిపోవచ్చు. అప్పుడు ఆదుకునేది బ్యాకప్ ఒక్కటే, అన్నయ్య ఇంట్లో లేనిదీ అదే. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, ఫొటోలను, సర్టిఫికెట్ల స్కాన్లను, ఆస్తి కాగితాల నకళ్లను దానిలోకి కాపీ చేసి, తర్వాత దాన్ని కంప్యూటర్ నుంచి తీసేయాలి. తీసేయడమే ముఖ్యం. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కును రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోని మరొక డ్రైవ్‌గానే చూస్తుంది, దానికీ తాళం వేస్తుంది. కరెంటు బిల్లు కట్టే రోజునే బ్యాకప్ తీసుకోవడం నా అలవాటు, నెలకోసారి గుర్తుంటుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి దీనికి తోడుగా ఉండాలి తప్ప దీనికి బదులుగా కాదు. కంప్యూటర్‌లో ఫైలు పాడైతే ఆ పాడైన ఫైలే అక్కడికీ చేరుతుంది, పాత రూపాలు కొంతకాలం వరకే దొరుకుతాయి. ఆరు నెలలకోసారి బ్యాకప్ డిస్కులోంచి ఏదైనా ఒక ఫొటోను తెరిచి చూడండి. ఖాళీ ఫోల్డర్లను రెండేళ్లు శ్రద్ధగా కాపీ చేసినవాణ్ని నేను ఒకణ్ని ఎరుగుదును, అది నేనే.

ఇప్పటికే సోకితే

మొదట నెట్ తీసేయండి, వైఫై ఆపండి, ల్యాన్ కేబుల్ ఉంటే పీకేయండి. తర్వాత అదే కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో గానీ, మరొక కంప్యూటర్‌లో గానీ ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను మార్చండి. పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకుండా "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" కూడా చేయాలి, ఎందుకంటే కొన్ని వైరస్‌లు బ్రౌజర్‌లోని కుకీలను (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు గుర్తుచేసే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోతాయి, అవి ఉంటే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ లేకుండానే మీ ఖాతాలో కూర్చోవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.

కంప్యూటర్‌ను శుభ్రం చేయడానికి విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే వీలుంది. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్‌ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో కూడా ఉచిత సాధనాలు ఉన్నాయి. అయినా బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్ అయితే, ముఖ్యమైన ఫైళ్లను కాపీ చేసుకుని విండోస్‌ను మొదటి నుంచి వేయించుకోవడమే నేను చేసే పని.

ఫైళ్లకు తాళం పడితే డబ్బు కట్టకండి, కట్టినా తాళంచెవి వస్తుందన్న హామీ లేదు. యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని భద్రతా కంపెనీలు కలిసి 2016లో ప్రారంభించిన నో మోర్ రాన్సమ్ అనే సైటులో తాళం పడిన ఫైలును ఒకదాన్ని ఇస్తే, దానికి ఉచిత తాళంచెవి ఉందో లేదో చెబుతుంది. ఈ రోజు లేదన్నది రెండేళ్ల తర్వాత ఉండవచ్చు, కొన్ని రకాలకు తాళంచెవులు అలా ఆలస్యంగానే బయటికి వచ్చాయి. అందువల్ల అన్నయ్యకు నేను చెప్పినదే మీకూ చెబుతున్నాను: తాళం పడిన ఫొటోలను చెరిపేయకుండా, ఆ టెక్స్ట్ ఫైలుతో సహా ఒక పాత డిస్కులోకి కాపీ చేసి, కవరులో పెట్టి, పైన తేదీ రాసి బీరువాలో ఉంచండి.